ప్యానెల్ బోర్డు పనికి ఆర్క్ ఫ్లాష్ రక్షణ: ఎనిమిది కేలరీల దుస్తులా, నలభై కేలరీల సూటా, షట్‌డౌనా?

గుంటూరులోని ఒక మిర్చి శీతల గిడ్డంగి యజమానో, కొండపల్లి పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జో ఆర్క్ ఫ్లాష్ (విద్యుత్ ప్యానెల్‌లో ఒక్కసారిగా పేలినట్టు లేచే మంట) నుంచి రక్షణ కోసం కొంత సొమ్ము పక్కన పెట్టినప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: ఆ సొమ్ముతో నలభై కేలరీల (కేలరీలంటే ఇక్కడ బట్ట ఆపగల వేడికి కొలత) పెద్ద సూటు ఒకటి కొని ప్యానెల్ గదిలో ఉంచాలా, లేక పనిచేసే ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ ఎనిమిది నుంచి పన్నెండు కేలరీల రోజువారీ దుస్తులు రెండేసి జతలు ఇప్పించాలా? అమ్మేవారు సాధారణంగా పెద్ద సూటువైపే మొగ్గు చూపుతారు. నా అభిప్రాయం రెండవదానివైపే ఉంది. అయితే దానికి ఒక కచ్చితమైన షరతు ఉంది. మెయిన్ బ్రేకర్‌కు పైనున్న ఇన్‌కమింగ్ భాగంలో చేయవలసిన పనికి ఏ దుస్తులనూ నమ్ముకోకూడదు. అక్కడ 11 కేవీ వైపు నుంచి, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందున్న హై ఓల్టేజి వైపు నుంచి, సరఫరా ఆపించడం తప్ప వేరే ఎంపిక లేదు. ఎందుకు లేదో అంకెలతో చూస్తేనే ఈ పోలిక అర్థవంతంగా ఉంటుంది.

షాక్ వేరు, ఆర్క్ ఫ్లాష్ వేరు. షాక్ తగలాలంటే కరెంటు శరీరం గుండా పోవాలి. ఆర్క్ ఫ్లాష్‌కు తాకనవసరం లేదు. బస్‌బార్ల (ప్యానెల్‌లో కరెంటు మోసే లోహపు పట్టీల) మధ్య ఒక బల్లి పడినా, బిగిస్తున్న స్పానర్ జారినా, వదులైన లగ్గు (కేబుల్ కొసకు తొడిగే లోహపు చెవి) వేడెక్కి ఇన్సులేషన్ కాలినా రెండు ఫేజుల మధ్య గాలి ద్వారానే కరెంటు ప్రవహించడం మొదలవుతుంది. ఆ ఆర్క్ మధ్యలో ఉష్ణోగ్రత 19,000 డిగ్రీల సెల్సియస్ వరకు వెళ్లగలదు. రాగి ఘనస్థితి నుంచి ఆవిరిగా మారేటప్పుడు దాని పరిమాణం దాదాపు 67,000 రెట్లు పెరుగుతుంది కనుక వేడితోపాటు పీడనం, కరిగిన లోహపు తుంపరలు, చెవులు దిమ్మెత్తే చప్పుడు, కళ్లు చెదిరే వెలుగు ఒకేసారి ప్యానెల్ తలుపు తెరిచి ఉన్న దిక్కుకు దూసుకువస్తాయి. ఆ దిక్కున ఉండేది మనిషి ముఖం, ఛాతీ. కింద పరిచిన రబ్బరు మ్యాటు, ఎంత మంచిదైనా, ఈ విషయంలో ఏమీ చేయలేదు. ఐఎస్ 15652 ముద్ర ఉన్న మ్యాటు షాక్ నుంచి కాపాడడానికి తప్పనిసరిగా ఉండవలసిందే; దానిని చూసి ఆర్క్ గురించి ధీమా పడడం మాత్రం పొరపాటు.

చర్మం మీద పడే వేడిని చదరపు సెంటీమీటరుకు ఇన్ని కేలరీలని కొలుస్తారు. 1.2 కేలరీల దగ్గర రెండవ స్థాయి కాలిన గాయం, అంటే బొబ్బలెక్కే గాయం, మొదలవుతుందని ఈ రంగంలో అందరూ అంగీకరించిన హద్దు. దుస్తుల మీద ఉండే 8, 12, 25, 40 అన్న అంకెలన్నీ ఈ కొలతకు చెందినవే. ఇక్కడి నుంచి కేలరీలు అన్నప్పుడల్లా చదరపు సెంటీమీటరుకు కేలరీలనే చదువుకోవాలి.

మీ ప్యానెల్ అంకె తెలియకుండా సూటు కొనవద్దు

ఒక మధ్యరకం గిడ్డంగిలోనో మిల్లులోనో ఉండే 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 415 వోల్టుల వైపు దాని ఫుల్ లోడ్ కరెంటు సుమారు 695 ఆంపియర్లు. ఇంపిడెన్స్ (కరెంటుకు అది చూపే లోపలి అడ్డు) 4.5 శాతం అనుకుంటే, ఆ టెర్మినళ్ల దగ్గర మూడు ఫేజులూ నేరుగా కలిసిపోయిన షార్ట్‌లో దాదాపు 15.4 కిలో ఆంపియర్లు ప్రవహిస్తాయి. కానీ ఆర్క్ అనేది గాలిలోంచి పోయే షార్ట్ కనుక, ఆ గాలి అడ్డు వల్ల కరెంటు అంత ఉండదు. ఆర్క్ వేడిని లెక్కించే ఐఈఈఈ 1584 ప్రమాణం 2002 నాటి సూత్రంతో, పెట్టె వంటి ప్యానెల్‌లో 25 మిల్లీమీటర్ల గ్యాప్‌కు లెక్కవేస్తే ఆర్క్ కరెంటు 8.5 కిలో ఆంపియర్ల దగ్గర తేలుతుంది. అంటే షార్ట్ సర్క్యూట్ లెవెల్‌లో సగానికి కొంచెం ఎక్కువ.

చాలామంది దృష్టి పెట్టని చోటు ఇదే. ఆ ప్యానెల్ ఇన్‌కమర్‌గా, అంటే సరఫరా లోపలికి వచ్చే చోట మెయిన్ బ్రేకర్‌గా, 800 ఆంపియర్ల ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) ఉందనుకోండి. దాని ముందు మూత తెరిచి ట్రిప్ యూనిట్ మీద ఉన్న చిన్న డయళ్లను చూస్తే, ఇన్‌స్టాంటేనియస్ అన్న డయల్ (ఏ కరెంటు దాటితే ఆగకుండా ట్రిప్ కావాలో చెప్పేది) 12 రెట్ల దగ్గర, షార్ట్ టైమ్ డిలే డయల్ (అంతకు తక్కువ ఫాల్ట్‌కు ఎంతసేపు ఆగాలో చెప్పేది) 0.4 సెకన్ల దగ్గర ఉండడం కొత్తేమీ కాదు. కంప్రెసర్ స్టార్టయిన ప్రతిసారీ ట్రిప్ అవుతోందని ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్‌తో పైకి తిప్పి వదిలేసి ఉంటారు. 800కు 12 రెట్లంటే 9,600 ఆంపియర్లు. ఆర్క్ కరెంటు 8,500 మాత్రమే కనుక ఇన్‌స్టాంటేనియస్ ట్రిప్ దానిని గుర్తించదు. బ్రేకర్ 0.4 సెకన్లు ఆగి అప్పుడు పడుతుంది. అదే సూత్రం ప్రకారం 455 మిల్లీమీటర్ల దూరంలో, అంటే చేయి కొద్దిగా వంచి పనిచేసే దూరంలో, నిలబడినవారి మీద ఆ 0.4 సెకన్లలో సుమారు 11 కేలరీలు పడతాయి. డయల్‌ను 8 రెట్లకు, అంటే 6,400 ఆంపియర్లకు, తగ్గించగలిగితే బ్రేకర్ 0.05 సెకన్లలో తెరుచుకుంటుంది. అప్పుడు పడేది 1.4 కేలరీలు. ప్యానెల్ అదే, మనిషి అతడే, దూరమూ అంతే. ఒక డయల్ తేడాతో ప్రమాదం ఎనిమిదవ వంతుకు తగ్గింది. ఏ సూటూ ఇంత పని ఇంత చవకగా చేయలేదు.

అయితే ఆ డయల్‌ను మీరే తిప్పేయమని చెప్పడం లేదు. మోటార్ల స్టార్టింగ్ కరెంటుకు, కింది ఫీడర్ల (ప్యానెల్ నుంచి బయటికి వెళ్లే లైన్ల) ఎంసీసీబీలతో, అంటే వాటి చిన్న బ్రేకర్లతో, సమన్వయానికి ఇబ్బంది రాకుండా రిలే సెట్టింగులు లెక్కించే ఇంజనీరు చేతనే చేయించాలి. పైన చెప్పిన అంకెలు కూడా ఒక అంచనా కోసం మాత్రమే. 2018లో ఐఈఈఈ 1584 సూత్రాలను తిరగరాసి, బస్‌బార్లు నిలువుగా ఉన్నాయా, తెరిచిన తలుపువైపు పొడుచుకుని వచ్చి ఉన్నాయా అన్నదానిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. బార్ల కొసలు మనిషివైపు చూస్తున్న ప్యానెళ్లలో అంకె పాత లెక్క కంటే పెరగవచ్చు. కనుక కొనుగోలుకు ముందు ఆర్క్ ఫ్లాష్ స్టడీ చేయించి, ప్రతి ప్యానెల్ తలుపు మీద అంకె, పనిచేసే దూరం ఉన్న లేబుల్ అంటించడం సరైన క్రమం.

ఇప్పుడు ఇన్‌కమింగ్ భాగం సంగతి. ఆ ఏసీబీ తనకు కింద జరిగే ఫాల్ట్‌లనే ఆపగలదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన కేబుళ్లు ఏసీబీ పై టెర్మినళ్లకు బిగించే చోట ఆర్క్ లేస్తే, దానిని ఆపవలసింది ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతల ఉన్న 11 కేవీ ఫ్యూజో, వీసీబీయో (వాక్యూమ్ బ్రేకర్). 415 వోల్టుల వైపు 8,500 ఆంపియర్లు 11 కేవీ వైపు 320 ఆంపియర్లుగా మాత్రమే కనబడతాయి. అక్కడ సరైన రేటింగ్ ఫ్యూజు ఉంటే కొంత నయం. స్తంభం మీది హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజులో అందుబాటులో ఉన్న తీగ చుట్టి ఉంటే అది ఎప్పటికి కరుగుతుందో లెక్కకు అందదు. తప్పించుకునే దారి ఉన్న మనిషి 2 సెకన్లలో పక్కకు జరుగుతాడన్న ఊహతో లెక్కను అక్కడ ఆపడం వాడుక. ఆ 2 సెకన్లకు మన ఉదాహరణలో పడేది 55 కేలరీల పైమాటే. నలభై కేలరీల సూటు కూడా చాలదు. ఒకే ప్యానెల్‌లో ఒక అడుగు కింద 1.4 కేలరీలు, ఒక అడుగు పైన 55 కేలరీలు ఉండవచ్చు. ఇన్‌కమర్, ఔట్‌గోయింగ్ ఫీడర్లు మధ్య గోడ లేకుండా ఒకే పెట్టెలో ఉంటే, ఫీడరు దగ్గర లేచిన ఆర్క్ పైకి పాకే వీలుంది కనుక పెట్టె మొత్తానికీ పెద్ద అంకెనే వర్తింపజేయాలి.

చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కదా అని తేలిగ్గా తీసుకోవడానికీ వీలులేదు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ కరెంటు 3.1 కిలో ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది, నిజమే. కానీ కరెంటు తగ్గేకొద్దీ ఫ్యూజు కరగడం ఆలస్యమవుతుంది. 2 సెకన్ల పాటు సాగితే అక్కడ కూడా 13 కేలరీల దాకా పడతాయి. కాలమే ఇక్కడ అసలు శత్రువు.

షట్‌డౌన్‌కూ లైవ్ పనికీ మధ్య

ఈ పోలికను నిజానికి మొదటే ముగించవచ్చు: కరెంటు తీసి, లాక్ వేసి, ట్యాగ్ తగిలించి, లేదని పరీక్షించి, ఎర్త్ చేసి పనిచేయడం అన్ని విధాలా మేలు. విద్యుత్ పని భద్రతకు అమెరికాలో ఉన్న ఎన్‌ఎఫ్‌పీఏ 70ఈ ప్రమాణం లైవ్ పనిని, అంటే కరెంటు ఉండగా చేసే పనిని, మినహాయింపుగానే చూస్తుంది. మన దేశంలో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010లో తెచ్చి 2023లో తిరిగి రూపొందించిన భద్రతా నిబంధనల ధోరణి కూడా అదే. అయినా మార్చి నెలలో యార్డు నుంచి బస్తాలు దిగుతున్న సమయంలో కంప్రెసర్ ఫీడరు వేడెక్కుతోందంటే యజమాని నోట వచ్చే మాట మనందరికీ తెలిసిందే: "లైను ఆపితే ఎలా బాబూ, ఐదు నిమిషాల పనేగా, చూసి బిగించెయ్." ఎలక్ట్రీషియన్ కాదనలేడు. కానీ గోడలకు మందపాటి ఇన్సులేషన్ ఉన్న గదిలో తలుపు మూసి ఉంచితే గంట షట్‌డౌన్‌కు మిర్చి బస్తాలకు ఏమీ కాదు. ఈ మాటను యజమానితో వాదించవలసింది ఎలక్ట్రీషియన్ కాదు, ఇన్‌ఛార్జి. ఎండాకాలం రాకముందే ఒక షట్‌డౌన్ పెట్టించుకుని, జాయింట్లన్నీ టార్క్ రెంచ్‌తో బిగించుకుంటే మార్చిలో ఈ వాదనే రాదు. అమ్మోనియా వాడే గిడ్డంగులలో ఈ బిగింపు మరింత ముఖ్యం. తేమతో కలిసిన అమ్మోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది, టెర్మినళ్లు పచ్చబడి, వదులై, వేడెక్కుతాయి. జిన్నింగ్ మిల్లుల బెడద వేరు. అక్కడ దూది నుసి ప్యానెల్ లోపల పేరుకుంటుంది. దానిని లైవ్‌లో ఉండగా గాలి కొట్టి ఊదడం కంటే ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటి లేదు. ఆపి, వ్యాక్యూమ్‌తో తీయాలి.

షట్‌డౌన్ ఎంచుకున్నా దుస్తుల అవసరం పూర్తిగా పోదు. కరెంటు లేదని నిర్ధారించుకునే వరకు ఆ ప్యానెల్ లైవ్‌లో ఉన్నట్టే లెక్క. డీజీ సెట్ నుంచో, సోలార్ ఇన్వర్టర్ నుంచో, కెపాసిటర్ బ్యాంకు నుంచో వెనుక దారిన ఓల్టేజి వచ్చే సందర్భాలు ఇప్పుడు పెరిగాయి. మీటరు పనిచేస్తోందో లేదో ముందు తెలిసిన లైవ్ పాయింటు మీద చూసుకుని, తరువాత పనిచేయవలసిన చోట మూడు ఫేజులూ, న్యూట్రల్, ఎర్తు మధ్య చూసి, మళ్లీ లైవ్ పాయింటు మీద చూడాలి. ఆ మూడు దశలూ పూర్తయ్యేదాకా దుస్తులు, ముఖ కవచం, గ్లౌజులు ఒంటి మీదే ఉండాలి. ఈ పనికి టెస్ట్ ల్యాంప్ వాడడం మానుకోవాలి. మెయిన్ ప్యానెల్‌కు క్యాట్ ఫోర్ రేటింగ్ (ఒక్కసారిగా ఎగసే ఓల్టేజిని మీటరు ఎంత తట్టుకుంటుందో చెప్పే తరగతి), లోపలి ఫీడర్లకు కనీసం క్యాట్ త్రీ 600 వోల్టుల రేటింగ్ ఉన్న మీటరు సరైనది.

రోజూ తొడిగేవా, బీరువాలో ఉండేవా

ఎన్‌ఎఫ్‌పీఏ 70ఈ దుస్తులను నాలుగు వర్గాలుగా విడదీసింది: మొదటిదానికి కనీసం 4, రెండవదానికి 8, మూడవదానికి 25, నాలుగవదానికి 40 కేలరీలు. స్టడీ చేయించని చోట వాడుకోవడానికి ఇచ్చిన పట్టికను చూస్తే కాలం పాత్ర మళ్లీ కనిపిస్తుంది. 65 కిలో ఆంపియర్ల వరకు ఉన్న మోటారు కంట్రోల్ సెంటర్ 0.03 సెకన్లలో ట్రిప్ అయితే రెండవ వర్గం చాలు. 42 కిలో ఆంపియర్లే ఉన్నా 0.33 సెకన్లు పట్టేట్టయితే నాలుగవ వర్గం కావాలి. ఈ పట్టికకు కరెంటు, కాలం రెండు హద్దులూ ఉంటాయి. మీ ప్యానెల్ ఆ హద్దులలో ఉందో లేదో చూడకుండా "415 వోల్టులు కదా, రెండవ వర్గం" అని ఎంచుకోవడం పట్టికను వాడడం కాదు, దుర్వినియోగం చేయడం.

రెండవ వర్గపు దుస్తులంటే చూడడానికి మామూలు చొక్కా ప్యాంటులాగానో, కవరాల్‌లాగానో ఉంటాయి. పొద్దున తొడుక్కుంటే సాయంత్రం వరకు ఉంటాయి. పిలుపు వచ్చిన క్షణంలో మనిషి ఒంటి మీద ఉండే రక్షణ ఇదే. నలభై కేలరీల సూటు పలు పొరల కోటు, బిబ్ ప్యాంటు, కిటికీ ఉన్న హుడ్ కలిసిన మూట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మన ప్రాంతంలో, ఫ్యాను కూడా లేని ప్యానెల్ గదిలో, ఆ సూటుతో పావుగంట నిలబడితే కళ్లద్దం ఆవిరి పట్టి, చెమట కళ్లలోకి కారి, చేతి పట్టు తప్పుతుంది. పని త్వరగా ముగించాలన్న తొందరలోనే స్పానర్ జారేది. అవసరానికి మించిన రక్షణ కూడా ప్రమాదమేనని నేను అంటున్నది ఇందుకే. బ్రేకర్ ర్యాక్ అవుట్ చేయడం (దాని గూటి నుంచి బయటికి లాగడం), 11 కేవీ ప్యానెల్ దగ్గర స్విచింగ్ వంటి కొద్ది నిమిషాల పనులకు పెద్ద సూటు అవసరమే. హుడ్ లోపల చిన్న ఫ్యాను ఉన్న రకం ఎంచుకుంటే మన వాతావరణంలో దానికి పెట్టిన అదనపు ఖర్చు వృథా కాదు. కానీ అది ముగ్గురికి ఒకటి చాలు. రోజువారీ దుస్తులు మాత్రం మనిషికి రెండు జతలకు తగ్గకూడదు. ఒక జత ఉతుకుకు పోయిన రోజున మనిషి పాలిస్టర్ చొక్కాతో వస్తాడు.

పాలిస్టర్ సంగతి ఒక్క మాట. అది మండడం కంటే ముందు కరిగి చర్మానికి అంటుకుపోతుంది. రక్షణ దుస్తుల లోపల వేసుకునే బనియను కూడా నూలుదే ఉండాలి. స్పోర్ట్స్ టీషర్టు మీద ఎంత ఖరీదైన కవరాల్ తొడిగినా ఆ లోపం పోదు. మామూలు మందపాటి ఖాకీ నూలు యూనిఫాం కరగదు గాని అంటుకుంటే మండుతూనే ఉంటుంది. దానికి ఆర్క్ రేటింగ్ లేదు.

ఎనిమిదా, పన్నెండా అన్నప్పుడు నా ఓటు పన్నెండుకే. కారణం రేటింగ్ నిర్వచనంలోనే ఉంది. ఏటీపీవీ (బట్ట ఆర్క్ రేటింగ్) 8 అంటే, 8 కేలరీలు పడినప్పుడు ఆ బట్ట వెనుక రెండవ స్థాయి గాయానికి సరిపడే వేడి చేరే అవకాశం యాభై శాతం అని అర్థం. సరిగ్గా హద్దు మీద నిలబడడం ఎవరికీ మంచిది కాదు. ఎనిమిది కేలరీల చొక్కా మీద ఎనిమిది కేలరీల కోటు తొడిగితే పదహారు అవుతుందన్న లెక్క కూడా చెల్లదు. ఆ రెండు పొరలనూ కలిపి పరీక్షించిన అంకె తయారీదారు ఇస్తేనే నమ్మాలి.

కాలరు లోపలి లేబుల్

దుకాణంలో దుస్తులు చేతికి ఇవ్వగానే బట్ట మందాన్ని వేళ్లతో నలిపి చూడడం మన అలవాటు. దానికంటే ముందు కాలరు లోపలి భాగాన్ని తిరగేయాలి. అక్కడ ఐఈసీ 61482-2 అన్న ప్రమాణం పేరు, దాని కింద ఏటీపీవీ లేదా ఈబీటీ (బట్ట చిరిగి తెరుచుకునే హద్దును బట్టి ఇచ్చే రేటింగ్) అన్న అక్షరాలతో ఒక కేలరీల అంకె, లేదా ఏపీసీ 1, ఏపీసీ 2 అన్న తరగతి కనిపించాలి. "ఫైర్ రిటార్డెంట్" అన్న రెండు మాటలు మాత్రమే ఉంటే దానిని పక్కన పెట్టేయవచ్చు. వెల్డింగు నిప్పురవ్వలకు పనికివచ్చే బట్టకు ఆర్క్ రేటింగ్ ఉండాలన్న నియమం లేదు.

ఏటీపీవీ, ఏపీసీ రెండూ వేర్వేరు పరీక్షల ఫలితాలు. మొదటిది ఓపెన్ ఆర్క్ పద్ధతిలో బట్ట ఎన్ని కేలరీలు ఆపుతుందో చెబుతుంది. రెండవది పెట్టెలాంటి అమరికలో అర సెకను పాటు, 4 కిలో ఆంపియర్లకు ఏపీసీ 1, 7 కిలో ఆంపియర్లకు ఏపీసీ 2 అని, బట్ట తట్టుకుందో లేదో మాత్రమే చెబుతుంది. ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చే గుణకారం లేదు. మీ స్టడీ రిపోర్టు కేలరీలలో ఉంటే కేలరీల అంకె ఉన్న దుస్తులనే తీసుకోండి. రెండూ ముద్రించి ఉంటే మరీ మంచిది.

బట్టలో రెండు రకాలు. అరామిడ్, మోడాక్రిలిక్ వంటి నారలలో మంటను ఆపే గుణం నారలోనే ఉంటుంది, ఉతుకుతో పోదు. డ్యూపాంట్ కనిపెట్టిన నోమెక్స్ ఈ కోవలోనిదే. రెండవ రకం రసాయన శుద్ధి చేసిన నూలు. అది చవక, మెత్తన, ఒంటికి హాయి. మన ఎండలకు నూలే నయమనిపిస్తుంది గాని, దాని రక్షణ ఉతికేవారి చేతిలో ఉంటుంది. బ్లీచింగ్ వేస్తే ఆ గుణం దెబ్బతింటుంది. బోరు నీటిలో సబ్బుతో ఉతికితే సబ్బు తెట్టు బట్టలో మిగిలి, అదే మంటకు ఆహారమవుతుంది. గంజి పెట్టడమైతే బట్టకు చేజేతులా ఇంధనం పూయడమే. యూనిఫాం కరకరలాడాలని గంజి పెట్టించే ఇళ్లు ఇంకా ఉన్నాయి కనుక, ఉతుకు బాధ్యతను కంపెనీయే తీసుకోగలిగితే నూలు రకం, దుస్తులు ఇంటికి వెళ్లేట్టయితే అరామిడ్ మిశ్రమం ఎంచుకోవడం నా సలహా. గ్రీజు, ఆయిల్ మరకలు పోని దుస్తులను ఏ రకమైనా సరే పక్కన పెట్టవలసిందే.

ముఖం, చేతులు

రెండవ వర్గానికి రెండు మార్గాలున్నాయి: ఆర్క్ రేటింగ్ ఉన్న ముఖ కవచం, దానితోపాటు తల, మెడ, చెవులను కప్పే బాలక్లావా, లేదా పూర్తి హుడ్. కవచం ఒక్కటే పెట్టుకుంటే వేడి పక్కల నుంచీ, గడ్డం కింది నుంచీ చొరబడుతుంది. బాలక్లావా ఉక్కపోస్తుందని విసుగుపుట్టే మాట వాస్తవమే అయినా, పన్నెండు కేలరీల వరకు కవచం, బాలక్లావా జోడీయే రోజువారీ వాడకానికి అనువైనది. అంతకు మించితే హుడ్ తప్పదు. వర్క్‌షాపులో ఉన్న వెల్డింగు షీల్డును అడ్డం పెట్టుకుని స్విచ్ వేసే పద్ధతి ఆటోనగర్‌లో నేటికీ కనిపిస్తుంది. ఆ షీల్డు పీడనానికీ, ఈ స్థాయి వేడికీ పరీక్షించినది కాదు. దాని నల్లటి అద్దంలోంచి టెర్మినల్ కనబడదు కూడా. కవచం కింద కళ్లద్దాలు, చెవులలో ప్లగ్గులు వేరుగా ఉండాలి.

చేతుల విషయంలో గందరగోళం తక్కువ. రబ్బరు గ్లౌజులలో క్లాస్ 00 అనేది 500 వోల్టులకు, క్లాస్ 0 అనేది 1,000 వోల్టులకు. 415 వోల్టులకు రెండూ చెల్లుతాయి గాని క్లాస్ 0 తీసుకోవడమే మేలు. పైన తోలు గ్లౌజు తప్పనిసరి; అది రబ్బరును కోతల నుంచి, ఆర్క్ వేడి నుంచి కాపాడుతుంది. వాడే ముందు ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టి గాలి బిగించి, చెంప దగ్గర పెట్టుకుని గాలి పోతోందేమో చూడాలి. ఆరు నెలలకొకసారి ల్యాబ్ పరీక్ష ఉండాలి. మడతపెట్టి టూల్ బాక్సులో కుక్కిన గ్లౌజు మడత దగ్గరే పగులుతుంది.

ఉంగరాలు, గొలుసులు, చేతి గడియారం, వెండి మొలతాడు, తాయెత్తు తీసివేయాలని అన్ని పుస్తకాలలోనూ ఉంటుంది. ఇక్కడి వాస్తవం ఇంకొకటి ఉంది. కార్తీక మార్గశిరాలలో చాలామంది లైన్ సిబ్బంది అయ్యప్ప దీక్షలో ఉంటారు; మెడలో మాల, అందులో లోహపు డాలరు ఉంటాయి, కాళ్లకు చెప్పులు కూడా ఉండవు. మాల తీయమని అడగడం మర్యాద కాదు, తీయరు కూడా. ఆ నలభై ఒక్క రోజులూ వారికి రీడింగులు, స్టోర్సు, డ్రాయింగుల పని అప్పగించి, ప్యానెల్ పని వేరొకరికి మార్చే షెడ్యూలు ముందుగానే వేసుకోవడం ఇన్‌ఛార్జి చేయవలసిన పని.

దుస్తుల సొమ్ములో కొంత ప్యానెల్ మీద పెడితే

దుస్తులు గాయాన్ని తగ్గిస్తాయి, ఆర్క్‌ను ఆపవు. కొత్త ప్యానెల్ ఆర్డరు ఇస్తున్నవారికి అందుబాటులో ఉన్న మార్గాలు ఇంకా మెరుగైనవి. వెలుతురును పసిగట్టి బ్రేకర్‌ను ట్రిప్ చేయించే ఆర్క్ డిటెక్షన్ రిలే కొన్ని మిల్లీసెకన్లలోనే ఆదేశం ఇస్తుంది. మిగిలిన సమయం బ్రేకర్ తెరుచుకోవడానికి పట్టేదే. ఏసీబీ మీద మెయింటెనెన్స్ మోడ్ స్విచ్ ఉంటే పనిచేసేంతసేపూ ఆలస్యం లేకుండా ట్రిప్ అయ్యేటట్టు పెట్టుకుని, పని ముగిశాక మామూలు స్థితికి తేవచ్చు. ఫీడర్లలో హెచ్‌ఆర్‌సీ (పెద్ద ఫాల్ట్ కరెంటును తెంచగల) ఫ్యూజులు తమ కరెంటు పరిమితి పరిధిలో ఉన్న ఫాల్ట్‌ను అర సైకిల్‌లోపే, అంటే 10 మిల్లీసెకన్లలోపే, తెంచేస్తాయి. ఆర్క్ కరెంటు ఆ పరిధిలోకి వస్తుందో లేదో మాత్రం లెక్క చూడాలి. తలుపు తెరవకుండానే థర్మల్ కెమెరాతో జాయింట్లు చూడడానికి వీలిచ్చే ఇన్‌ఫ్రారెడ్ కిటికీ, దూరం నుంచి బ్రేకర్‌ను ర్యాక్ చేసే మోటారు కూడా మంచి పెట్టుబడులే. పాత ప్యానెళ్లలో బస్‌బార్లకు స్లీవులు, షీటు అడ్డాలు వేయించడం, కేబుల్ ఎంట్రీ రంధ్రాలను గ్లాండ్లతో మూయడం చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. బల్లులు, ఎలుకల వల్ల వచ్చే ఫాల్ట్‌లు దీనితోనే చాలావరకు తగ్గుతాయి.

ఇక ఎంపిక. అపార్టుమెంట్లకు, చిన్న వర్క్‌షాపులకు పనిచేసే కాంట్రాక్టరు పన్నెండు కేలరీల దుస్తులు, కవచం, బాలక్లావా, క్లాస్ 0 గ్లౌజులు, మంచి మీటరు కొనుక్కుని, మెయిన్‌కు పైనున్న పనిని డిస్కం సరఫరా ఆపితే తప్ప ముట్టనని ముందే చెప్పాలి. 500 కేవీఏ స్థాయి గిడ్డంగి లేదా మిల్లు ముందుగా స్టడీకి, రిలే సెట్టింగులకు ఖర్చు పెట్టి, తేలిన అంకెను బట్టి రోజువారీ దుస్తులు తీసుకోవాలి. చాలా చోట్ల పెద్ద సూటు అవసరమే లేదని ఆ స్టడీ తేల్చవచ్చు. 11 కేవీ వీసీబీలు, 1,000 కేవీఏకు మించిన ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న ఫ్యాక్టరీకి రెండు రకాలూ కావాలి, అదనంగా ఆర్క్ రిలే ఉండాలి. ఈ మూడింటిలో ఏదైనా సరే, ట్రాన్స్‌ఫార్మర్‌ను పెద్దదానికి మార్చిన రోజున, రెండవ ట్రాన్స్‌ఫార్మర్ జోడించిన రోజున, లేదా డిస్కం 11 కేవీ వైపు ఫ్యూజు తీసి బ్రేకర్ పెట్టిన రోజున తలుపు మీది పాత లేబుల్‌ను చించివేసి, లెక్క మళ్లీ చేయించి, కొత్తది అంటించాలి.